మాలీ ముల్క్‌లో ముసాఫిర్‌కి అమన్ ఉందా?

పోయిన నెల మా ఖాలాజాన్ ఫోన్ చేశారు. ఆవిడ చిన్నబ్బాయి వెల్డింగు పని చేస్తాడు. ఆఫ్రికాలో మాలీ అనే దేశంలో నౌకరీ ఉందనీ, గల్ఫ్ కంటే తన్‌ఖా ఎక్కువనీ ఎవరో ఏజెంటు చెప్పాడట. "బేటా, నువ్వు తారీఖ్ కితాబులు చదువుతావు గదా. అది ముసల్మాన్ల ముల్కేనంట. గల్లీకో మసీదు ఉంటదంట. మనోళ్ళ మధ్యలోనే ఉంటాడు, ఇంక ఫికర్ దేనికి?" అన్నారు.

రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. రేపు చేస్తానని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రంతా నా దిమాగ్‌లో తిరిగిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి సవాల్ రావచ్చు.

మాలీ పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. సముద్రం లేదు. వైశాల్యం దాదాపు 12.4 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లాంటివి నాలుగు కలిపినా అంత కాదు. ఉత్తరాన సహారా రేగిస్తాన్, దక్షిణాన పొలాలు, మధ్యలో విల్లులా వంగి పారే నైజర్ నది. రాజధాని బమాకో. జనాభా 2 కోట్లు దాటింది. నూటికి తొంభై మందికి పైగా ముసల్మానులే. ఖాలాజాన్ అన్నదాంట్లో అంతవరకు తప్పు లేదు.

ఈ ముల్క్‌కి గొప్ప తారీఖ్ ఉంది. 13వ సదీలో సున్‌జాటా కేటా ఇక్కడ సల్తనత్ స్థాపించాడు. ఆ ఖాందాన్‌లోని మన్సా మూసా 1324లో హజ్ సఫర్ మీద కైరోలో దిగాడు. అంతకు ముందటి ఏడే, 1323లో, ఢిల్లీ షహజాదా ఉలుగ్ ఖాన్ మన ఓరుగల్లును జయించాడు. కాలం అర్థం కావడానికి చెబుతున్నాను. మూసా ఎంత సోనా పంచాడంటే, కైరో బజారులో బంగారం ధర పడిపోయి ఏళ్ళ తరబడి కోలుకోలేదని అల్ ఉమరీ రాశాడు. హజ్ నుంచి తిరిగొచ్చాక మూసా టింబక్టులో జింగరేబెర్ మసీదు కట్టించాడు. మట్టితో కట్టిన ఆ మసీదు ఇప్పటికీ నిలబడి ఉంది.

ఆ ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. మొరాకో ముసాఫిర్ ఇబ్న్ బతూతా ఆయన దగ్గర ఢిల్లీలో ఖాజీగా పనిచేశాడు. తుగ్లక్ ఆయనను సఫీర్‌గా చైనాకు పంపితే, ఢిల్లీ దాటి ఎంతో దూరం పోకముందే కోయిల్ దగ్గర, అంటే నేటి అలీగఢ్ దగ్గర, దోపిడీదారుల చేతికి చిక్కాడు. రోజుల తరబడి ఆకలితో దాక్కుంటూ తిరిగి, జాన్ బచాయించుకున్నాడు. సుల్తాన్ ఫర్మానా చేతిలో ఉన్న మనిషికే అంత కష్టం.

పదేళ్ళ తర్వాత, 1352లో, అదే ఇబ్న్ బతూతా ఒంటెల కాఫిలాతో సహారా దాటి మాలీ చేరాడు. అప్పుడు గద్దె మీద మూసా తమ్ముడు మన్సా సులైమాన్ ఉన్నాడు. సుల్తాన్ నుంచి ఖిల్అతు, డబ్బు వస్తాయని ఆశపడితే, మూడు రొట్టెలు, కాస్త వేయించిన గోమాంసం, ఒక సొరబుర్ర పెరుగు వచ్చాయి. చూసి నవ్వుకున్నాడు. ఆ పీనాసితనాన్ని దాచకుండా రాసుకున్నాడు. అక్కడి ఆడవాళ్ళ బట్టల మీద కూడా కోపగించుకున్నాడు. అలాంటి కోపిష్టి మనిషి మాలీలో తనకు నచ్చినవి ఏవని రాశాడో చూడండి. అక్కడ జుల్మ్ తక్కువ. దారుల్లో పూర్తి అమన్ ఉంది, ఊరివాడికీ పరదేశీకీ దొంగల భయం లేదు. పరాయి ముసాఫిర్ అక్కడ చనిపోతే, అతని సొమ్ము ఎంత ఉన్నా ఎవరూ ముట్టుకోరు. నమ్మకస్తుడి దగ్గర ఉంచి, అసలు వారసుడు వచ్చినప్పుడు అప్పగిస్తారు.

అమన్, అమానత్, ఈమాన్. అరబీలో ఈ మూడు లఫ్జులూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. కోయిల్ దగ్గర దెబ్బతిన్న ముసాఫిర్‌కి మాలీలో మొదటి రెండూ దొరికాయి. దానికి కారణం ప్రజలు ముసల్మానులు కావడం ఒక్కటే కాదు. ఇన్సాఫ్ చేసే హుకూమత్ ఉంది, దారులకు కాపలా ఉంది, వ్యాపారం మీద బతికే రాజ్యానికి పరదేశీ భద్రత అవసరం ఉంది.

ఆ అమన్‌ను మొదట చెడగొట్టింది కూడా ఏ కాఫిరూ కాదు. మాలీ తర్వాత అక్కడ పెరిగిన సొంఘాయ్ సల్తనత్ మీదికి 1591లో మొరాకో సుల్తాన్ తుపాకుల ఫౌజును పంపాడు. టింబక్టు ఉలమాను సంకెళ్ళు వేసి మరాకేష్‌కు తీసుకెళ్ళారు. వాళ్ళలో ఒకరైన అహ్మద్ బాబా తన 1,600 కితాబులు పోయాయనీ, తన వాళ్ళందరిలో తన దగ్గర ఉన్నవే తక్కువనీ చెప్పుకున్నారు. కల్మా చదివేవాడే కల్మా చదివేవాడి ఇల్మ్‌ను లూటీ చేశాడు.

తర్వాత ఫ్రెంచివాళ్ళు వచ్చారు. 1960 సెప్టెంబరు 22న మాలీకి ఆజాదీ వచ్చింది. 2011లో లిబియాలో గద్దాఫీ పడిపోయాక, అక్కడ ఫౌజులో ఉన్న టువారెగ్‌లు హథియార్లతో ఇంటికొచ్చారు. ఉత్తరాన బగావత్ లేచింది. 2012 మార్చిలో బమాకోలో సైనికులు తఖ్తా తిప్పేశారు, ఏప్రిల్‌లో టింబక్టు చేజారింది. టువారెగ్‌లను పక్కకు నెట్టి, దీన్ పేరు చెప్పుకునే సాయుధులు ఊరిని పట్టుకున్నారు. ఔలియాల మజార్లను గడ్డపారలతో కూల్చారు. మజార్ల గురించి మన మధ్య ఇఖ్తిలాఫ్ ఉంటే ఉండనివ్వండి. ఊరిజనం చేతిలో తుపాకీ లేదని వాళ్ళ పెద్దల గుర్తులను పగలగొట్టడం ఏ దీన్?

అప్పుడు టింబక్టు ఖాందాన్లు చేసిన పని వింటే కళ్ళు చెమరుస్తాయి. తరతరాలుగా ఇళ్ళలో దాచుకున్న చేతిరాత కితాబులను రేకు పెట్టెల్లో సర్దారు. అబ్దుల్ ఖాదిర్ హైదరా అనే కుతుబ్‌ఖానా పెద్ద, ఆయన సాథీలు, డ్రైవర్లు, పడవవాళ్ళు కలిసి, రాత్రిళ్ళు చెక్‌పోస్టులు దాటించి, కొన్ని రోడ్డు మీద, కొన్ని నైజర్ నది మీద, బమాకోకు చేర్చారు. దాదాపు మూడున్నర లక్షల కితాబులని చెబుతారు. 2013 జనవరిలో సాయుధులు పారిపోతూ పెట్టిన మంటలో కొన్ని వేలు కాలిపోయాయి. మిగిలినవి నిలిచాయి. పరదేశీ సొమ్మును వారసుడి కోసం దాచిన ఆ నేల మీదే, ఆరొందల యాభై ఏళ్ళు దాటాక మామూలు జనం అమానత్ నిలబెట్టారు. కూలిన మజార్లను ఊరి మేస్త్రీలే మళ్ళీ కట్టారు. వాటిని కూల్పించినవాడు హేగ్ అంతర్జాతీయ అదాలత్‌లో గునా ఒప్పుకుని మాఫీ అడిగాడు. 2016లో తొమ్మిదేళ్ళ సజా పడింది.

అమానత్ మిగిలింది గానీ అమన్ తిరిగి రాలేదు. 2015 నవంబరులో బమాకోలోనే ఒక పెద్ద హోటల్ మీద దాడి జరిగింది. 2020లో, 2021లో మళ్ళీ సైనికులు హుకూమత్ మార్చారు. ఐక్యరాజ్య సమితి శాంతి దళం 2023 చివరికి వెళ్ళిపోయింది. గొడవంతా ఉత్తరాన రేగిస్తాన్‌లోనే అనుకునే రోజులు కూడా పోయాయి. 2025 జులై 1న సెనెగల్ సరహద్దు వైపున్న కాయెస్‌లో, ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ముగ్గురు భారతీయులను సాయుధులు ఎత్తుకుపోయారు. వాళ్ళూ మన పిల్లల్లా రోజీ కోసం పోయినవాళ్ళే. అదే ఏడు డీజిల్, పెట్రోలు లారీలను దారుల్లో తగలబెట్టి బమాకోనే ఉక్కిరిబిక్కిరి చేశారు.

మర్నాడు ఖాలాజాన్‌కు ఫోన్ చేశాను. "ఖాలా, అక్కడి జనం మంచోళ్ళే. గడప తొక్కిన మెహమాన్‌కి చాయ్ పోయకుండా పంపరు. కానీ ఇంట్లోవాళ్ళు మంచోళ్ళయినంత మాత్రాన దారి మంచిది కాదు. ఇప్పుడు ఆ దారికి కాపలా లేదు. అక్కడ చచ్చిపోతున్నవాళ్ళలో ఎక్కువమంది నమాజీ ముసల్మానులే. మనవాడి టోపీ చూసి తుపాకీ ఆగదు. ఇప్పుడు పంపొద్దు" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మరి అప్పు ఎలా తీరుద్ది బేటా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ పని చూద్దామని మాత్రం వాదా చేశాను, వెతుకుతున్నాను.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే అక్కడ ఉంటే, బమాకోలో మన ఎంబసీ ఉంది, వాళ్ళ పేరు అక్కడ నమోదు చేయించండి. ఊళ్ళ మధ్య రోడ్డు సఫర్ మానుకోమనండి. ఏజెంటు "ముస్లిం ముల్కే కదా" అంటే, ఏ ఊరు, ఏ కంపెనీ, రాత్రిళ్ళు కాపలా ఎవరిదని అడగండి.

అల్లాహ్ మాలీ ప్రజలకు వాళ్ళ అమన్ తిరిగి ఇవ్వుగాక. ముసాఫిర్లందరినీ తన హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.