గంటల బరువు మోసే ఊరు: సార్డీనియా దీవిలో మమోయాదా కార్నివాల్

ఈ ప్రత్యేక సంచికలో మన జాతరల గురించి, మన డోలు గురించి, కొమ్ముబూర గురించి రాయడానికి పెద్దలు ఉన్నారు. మేము కావాలనే కొంచెం దూరం పోయి, ఇటలీ దేశంలో సుమారు రెండున్నర వేల మంది ఉండే ఒక కొండ ఊరి గురించి రాస్తున్నాం. దానికి కారణం ఉంది. మన యువత మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. మన ఆట ఎప్పటిది, ఎన్ని వేల ఏళ్ళది అన్నది ఒకటి. ఊళ్ళో ఆడాల్సిన ఆటను స్టేజీ మీద ఆడవచ్చా అన్నది రెండోది. మమోయాదా అనే ఆ ఊరు ఈ రెండు ప్రశ్నలతోనూ డెబ్బై ఏళ్ళకు పైగా కాపురం చేస్తోంది.

మమోయాదా ఇటలీ ప్రధాన భూభాగంలో లేదు. మధ్యధరా సముద్రంలోని సార్డీనియా దీవి నడిమధ్య, సముద్రానికి దూరంగా, కొండల మీద ఉంది. దగ్గరి పట్నం నువోరో, సుమారు 15 కిలోమీటర్లు. ఊరి చుట్టూ గొర్రెల మేత, ద్రాక్ష తోటలు. ఇక్కడివాళ్ళు ఇంట్లో మాట్లాడేది సార్డు భాష. అది ఇటాలియన్‌కు యాస కాదు, లాటిన్ నుంచి వేరుగా పెరిగిన భాష. ఇటలీ ప్రభుత్వం దాన్ని అల్పసంఖ్యాకుల భాషగా గుర్తిస్తూ చట్టం చేసింది 1999లో, అంటే దేశం ఏకమై నూట ముప్పై ఏళ్ళు దాటాక.

ఆ కొండ సీమ పేరు బార్బాజియా. ఆ పేరు అక్కడివాళ్ళు పెట్టుకున్నది కాదు. ఆ కొండల్ని పూర్తిగా లొంగదీసుకోలేకపోయిన రోమన్లు లోపలి జనాన్ని అనాగరికులు అని పిలిచారు, ఆ మాటే సీమకు పేరై నిలిచిపోయింది. బయటివాళ్ళు తిట్టిన తిట్టే చిరునామాగా మారడం ఎలా ఉంటుందో మన వాళ్ళకు చెప్పాలా! రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా ఆ చూపు మారలేదు. 1897లో అల్ఫ్రెదో నిచెఫోరో అనే ఇటలీ నేరశాస్త్రవేత్త పుస్తకం రాసి, ఈ ప్రాంతాన్ని 'నేర మండలం' అన్నాడు, ఇక్కడి జనం రక్తంలోనే నేరం ఉందన్నాడు. రెండేళ్ళకు, 1899 మే నెలలో, సైన్యం వచ్చి దొంగల్ని పడతామంటూ ఒక్క రాత్రిలో వందల మందిని అరెస్టు చేసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం మన తాతల మీద ఎలా పడిందో విన్నవాళ్ళకు ఈ కథ కొత్తగా ఉండదు.

దొంగతనాలు లేవని కాదు. కానీ వాటి వెనుక భూమి కథ ఉంది. అంతకు ముందు కొండ మీది మేత ఊరందరిదీ. 1820లో రాజుగారి శాసనం ఒకటి వచ్చింది: ఎవరైనా భూమి చుట్టూ గోడ కట్టుకుంటే అది వాళ్ళ సొంతమవుతుంది. గోడ కట్టే స్తోమత ఉన్నవాళ్ళు కట్టారు, గొర్రెలు తప్ప ఏమీ లేనివాళ్ళు గోడ బయట మిగిలారు. మిగిలిన ఉమ్మడి భూములు కూడా అమ్మకానికి వచ్చేసరికి, 1868 ఏప్రిల్ 26న నువోరోలో జనం పురపాలక కార్యాలయం మీద పడి భూముల కాగితాలు తగలబెట్టారు. వాళ్ళు వేసిన కేక 'సు కొన్నొత్తు'. అంటే 'మాకు తెలిసినది', మేము ఎరిగిన పాత పద్ధతి అని. పట్టా అనే మాట బరువు తెలిసిన మనం దీన్ని విడమరచనక్కర్లేదు.

ఇంత చెప్పాక కార్నివాల్ దగ్గరికి వస్తాం. ఇది తెలియకపోతే ఆ నల్ల ముఖాల బరువు అర్థం కాదని మా నమ్మకం.

మమోయాదాలో ముసుగులు బయటికి వచ్చేది నిప్పుతో. జనవరి 16 సాయంత్రం గుడి ముందు పెద్ద నెగడు వేస్తారు. అది పునీత అంతోనివారి పండుగ. మన దగ్గర గుళ్ళలో కనిపించే పాదువాపురి అంతోనివారు కాదు, వేరే ఆయన, ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన సన్యాసి. సార్డీనియాలో ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒకప్పుడు భూమి మీద నిప్పు లేదు, జనం చలికి వణుకుతున్నారు. అంతోనివారు తన పందిపిల్లను వెంటబెట్టుకొని నరకం తలుపు తట్టాడు. పంది లోపలికి దూరి నానా అల్లరీ చేసింది. దాన్ని పట్టలేక దయ్యాలు ఆయన్నే లోపలికి పిలిచాయి. ఆయన చేతికర్ర లోపల బెండుగా ఉండే రకం. దాన్ని మంటలో పెట్టి, లోపల నిప్పు దాచుకొని బయటపడ్డాడు. బైబిల్లో వెతికితే దొరికే కథ కాదిది, గొర్రెల కాపరులు కల్పించుకున్న పునీతుడి కథ. మాకు మటుకు చాలా నచ్చింది.

గుడి ముందు నెగడు నుంచి కొరివి తీసుకుపోయి పేట పేటకూ నెగడు వెలిగిస్తారు. ప్రతి నెగడు దగ్గరా రొట్టె, తీపి పిండివంటలు, ఇంట్లో చేసిన వైన్. వచ్చినవాడు చుట్టమా, పరాయివాడా అని అడగరు. మరునాడు, జనవరి 17న, ఆ సంవత్సరానికి తొలిసారిగా మముథోనెస్ బయటికి వచ్చి ఆ నెగళ్ళన్నిటి దగ్గరికీ పోతారు. తర్వాత కార్నివాల్ ఆదివారం, భస్మ బుధవారానికి ముందు రోజైన మంగళవారం మళ్ళీ వస్తారు.

ఎవరు ఈ మముథోనెస్? వంటి మీద నల్ల గొర్రెతోలు. ముఖానికి నల్లటి కొయ్య ముసుగు: పొడుచుకొచ్చిన చెంప ఎముకలు, బాధతో వంకర తిరిగిన నోరు. ముసుగు చుట్టూ ఆడవాళ్ళు తలకు కట్టుకునే ముదురు రంగు గుడ్డ. వీపు మీద పశువుల మెడలో కట్టే గంటలు గుత్తులు గుత్తులుగా, దాదాపు 30 కిలోలు. ఆ గంటలు ఎక్కువగా తొనారా అనే పక్క సీమ ఊళ్ళో చేస్తారు. ఇనుప రేకును సుత్తితో కొట్టి మలిచి, చెవితో విని శ్రుతి చూస్తారు. అవి ముందు పశువుల కోసం చేసినవి, ఆట కోసం చేసినవి కావు. మందలో తన పశువును కాపరి చీకట్లో గంట విని పోల్చుకుంటాడు.

ఆ బరువు ఒక్కడే కట్టుకోలేడు. ఇద్దరు ముగ్గురు వెనుక నిలబడి, మోకాలు వీపుకు ఆనించి తోలుపట్టీలు లాగి బిగిస్తారు. వదులైతే గంటలు జారి నడుము విరుగుతుంది, బిగువైతే ఊపిరాడదు. ఎంత బిగించాలో పుస్తకంలో ఉండదు. ఎన్నో ఏళ్ళు కట్టిన చేతులకు తెలుస్తుంది. చూడడానికి వచ్చినవాళ్ళు వీధిలో నడకను ఫోటో తీసుకుంటారు. అసలు చదువు జరిగేది ఈ కట్టే గదిలో అని మా అభిప్రాయం. దండారికి గుస్సాడీని సిద్ధం చేసే చోట నిలబడి చూసిన మన పిల్లలకు ఇది వెంటనే తడుతుంది.

వాళ్ళు రెండు వరసల్లో, సాధారణంగా పన్నెండు మంది, బరువుగా నడుస్తారు. కాళ్ళకు సంకెళ్ళు ఉన్నట్టు చిన్న చిన్న అడుగులు. ఒక భుజం ముందుకు విసురుతారు, పన్నెండు వీపుల గంటలూ ఒక్క గంటలా మోగుతాయి. మళ్ళీ అడుగు, మళ్ళీ విసురు. మధ్య మధ్య మూడు గబగబా ఎగురుతారు. పాట లేదు, డప్పు లేదు, మాట లేదు. ముసుగు పెట్టుకున్నాక మముథోనె మాట్లాడడు. వీళ్ళ పక్కన ఇస్సొహదోరెస్ అనే మరో జట్టు ఉంటుంది: ఎర్ర కోటు, తెల్ల లాగు, చిన్న మువ్వల పట్టీ, చేతిలో తుంగతో పేనిన తాడు. ఆ తాడు పేరు సొహ, దాన్నిబట్టే వాళ్ళకా పేరు. నల్లవాళ్ళు బరువైతే వీళ్ళు తేలిక. గుంపులోకి తాడు విసిరి ఒకరిని పట్టి దగ్గరికి లాగుతారు. పూర్వం పట్టుబడినవాడు వైన్ పోయించి విడిపించుకునేవాడు. ఇప్పుడు తాడు పడితే ఆ ఏడంతా మంచి జరుగుతుందని, వయసు పిల్లలు కావాలని ముందు వరసలో నిలబడతారు.

మరి ఇది ఎప్పటిది? ఇక్కడ మన యువత చెవి కొంచెం ఇటు పెట్టాలి. ఊరివాళ్ళు కొందరు చెప్పేది: సముద్రం మీదుగా దాడికి వచ్చిన అరబ్బుల్ని ఓడించి, బందీలుగా ఊరేగించిన జ్ఞాపకం ఇది. నల్లవాళ్ళు బందీలు, ఎర్రకోటు వాళ్ళు గెలిచినవాళ్ళు. పండితులు కొందరు చెప్పేది: గ్రీకుల ద్రాక్ష దేవుడు డయొనైసస్ పూజలో మిగిలిన ముక్క. ఇంకొందరు అంటారు: నల్లవాళ్ళు పశువులు, తాడు పట్టినవాడు కాపరి. పక్క ఊరు ఒత్తానాలో ఎద్దు ముసుగువాళ్ళు, వాళ్ళను తోలే కాపరి ముసుగువాళ్ళు ఉండడం ఈ మాటకు బలం. పన్నెండు మంది పన్నెండు నెలలు అనేవాళ్ళూ ఉన్నారు. 1951లో రఫ్ఫాయెల్లొ మార్కి అనే సార్డీనియా రచయిత ఈ ముసుగుల మీద శ్రద్ధగా వ్యాసం రాసి, ఇది అల్లరి ఆట కాదు, ఒక పద్ధతిలో నడిచే గంభీరమైన తంతు అని బయటి ప్రపంచానికి చెప్పాడు. ఇవాళ వినిపించే వాదాలకు చాలావరకు ఆ వ్యాసమే మొదలు. వాటిలో ఏ ఒక్కటీ రుజువు కాలేదు.

1997లో మమోయాదాలో ఒక ఇంటి ఆవరణలో పని చేస్తుంటే రెండున్నర మీటర్లకు పైగా ఎత్తున్న రాయి బయటపడింది. దాని మీద ఒకదానిలో ఒకటిగా వలయాలు చెక్కి ఉన్నాయి. రాతియుగం చివరి నాటిది, వేల ఏళ్ళది. ఆ రాయికీ ఈ ముసుగుకూ ముడి వేస్తే ఎంత బాగుంటుంది! చేసినవాళ్ళు ఉన్నారు. కానీ ఒకే ఊళ్ళో దొరికినంత మాత్రాన రెండూ ఒకటి కావు. మన దగ్గర కూడా ప్రతి ఆటకూ అయిదు వేల ఏళ్ళు అంటగట్టే పోటీ పెరిగింది. ఒక మాట నిలదీసి అడుగుతాం: నిరుడు ఆడినవాళ్ళు ఎంతమంది, ఈ ఏడు కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది? మమోయాదా దగ్గర మొదటి ప్రశ్నకు జవాబు లేదు, రెండోదానికి ఉంది. అక్కడ చిన్న పిల్లలు చిన్న గంటలు కట్టుకొని పెద్దవాళ్ళ వెనుక అదే అడుగు వేస్తారు.

ముసుగుల నడక ఒక్కటే చూసి వచ్చేస్తే సగం పండుగే చూసినట్టు. సాయంత్రం చౌరస్తాలో అకార్డియన్ మోగుతుంది, బల్లు తుండు మొదలవుతుంది. మాటకు అర్థం గుండ్రటి ఆట. ఆడా మగా చేతులు కలిపి, భుజాలు ఆనించి వలయం కడతారు. ఒంటి పైభాగం కదలదు, పని అంతా పాదాలదే. ఈ ఊరి ఆటలు రెండు: 'పస్సు తొర్రావు', అంటే వెనక్కి తిరిగి వచ్చే అడుగు, మరొకటి ఎగిరి ఆడే 'సార్తియు'. ముసుగు మగవాళ్ళదే, వలయం అందరిదీ. పొరుగూరివాడు వచ్చినా రెండు చేతులు విడిపోయి చోటు ఇస్తాయి. థింసా ఆడేవాళ్ళు ఆ వలయంలోకి పోతే రెండో చుట్టుకే అడుగు పట్టేస్తారని మాకు ఆశ.

ఇక స్టేజీ సంగతి. ఒకప్పుడు నేరస్థుల సీమ అన్న చోటికే ఇప్పుడు కెమెరాలు పట్టుకొని వస్తున్నారు. నిన్న భయపెట్టిన నల్ల ముఖం నేడు సార్డీనియా పర్యాటక పోస్టర్ మీద ఉంది. 2001లో ఊళ్ళోనే మధ్యధరా ముసుగుల మ్యూజియం పెట్టారు. ఆటను నడిపే సంఘాలు ఊళ్ళో రెండు, వాళ్ళు సస్సారి నగరంలో మే నెల ఊరేగింపుకూ పోతారు, విదేశాలకూ పోతారు. ఎండలో గొర్రెతోలు కట్టుకొని, నెగడు లేకుండా, జనవరి లేకుండా నడిచే ఆ నడక అదేనా? కాదు అనే మేమంటాం. కానీ పోవద్దని కూడా అనం. పోయినవాళ్ళు తిరిగి వచ్చి జనవరి 17న తమ పేట నెగడు చుట్టూ నడుస్తున్నారు. ఆ తేదీని ఏ ప్రభుత్వ శాఖ కోసమూ, ఏ ఆదివారపు రద్దీ కోసమూ జరపలేదు. పని కోసం వలస పోయిన పిల్లలు సెలవు పెట్టుకొని వస్తారు తప్ప, పండుగ వాళ్ళ సెలవును బట్టి కదలదు. మన దగ్గర జాతర తేదీ అతిథి వీలును బట్టి జరిగిన సందర్భాలు మీకు గుర్తుండే ఉంటాయి.

కార్నివాల్ ఆఖరి మంగళవారం ఇంకో వేషం ఉంది. జువన్నె మార్తిస్ అనే గుడ్డ బొమ్మను బండి మీద పడుకోబెట్టి, నల్ల బట్టలు కట్టినవాళ్ళు శోకాలు పెడుతూ వీధులు తిరుగుతారు. పాపం, కార్నివాల్ చచ్చిపోతోంది, గొంతు తడుపుకోవడానికి కాస్త వైన్ పోయండి అని ఏడుస్తారు. నిజం చావు ఇంట్లో వాళ్ళ ఆడవాళ్ళు పాడే శోకం వరసలోనే ఏడుస్తారు, చుట్టూ జనం పగలబడి నవ్వుతారు. చీకటి పడ్డాక చౌరస్తాలో పెద్ద గిన్నెల్లో ఉడికిన చిక్కుడు గింజలు, పంది కొవ్వు వచ్చినవాళ్ళందరికీ పెడతారు. పొద్దున్నే తపస్సు కాలం మొదలు, మాంసం బంద్. గంటలు విప్పిన వీపుల మీద పట్టీల వాతలు ఇంకా ఎర్రగానే ఉంటాయి. కాపరులు తెల్లవారక ముందే పాలు పితకడానికి కొండెక్కుతారు, అక్కడ అవే గంటలు గొర్రెల మెడల్లో మోగుతుంటాయి.