అడిరాండాక్ ఒడ్డున గుడారం

1869 ఏప్రిల్‌లో బోస్టన్‌లో ఒక పుస్తకం వెలువడింది. రాసినాయన పార్క్ స్ట్రీట్ చర్చి పాస్టరు విలియం హెచ్. హెచ్. మర్రే. అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. పుస్తకం పేరు 'అడ్వెంచర్స్ ఇన్ ది వైల్డర్‌నెస్'. వేసవి వస్తే ఆయన న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర కొసన ఉన్న అడిరాండాక్ కొండలకి వెళ్ళిపోయేవాడు. రాకెట్ సరస్సులో ఆస్ప్రే దీవి మీద గుడారం వేసుకుని ఉండేవాడు. ఆ ఆనందాన్ని తనలోనే దాచుకోలేక నలుగురికీ చెప్పాలనుకున్నాడు. పట్నంలో నలిగిపోతున్న గుమాస్తాలు, పంతుళ్ళు, పాస్టర్లు, ఆడవాళ్ళు, అందరూ ఏడాదికోసారి అడవికి రావాలి, నీళ్ళ ఒడ్డున నిద్రపోవాలి అన్నాడు.

ఈ రోజు వింటే ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. ఆ కాలంలో మాత్రం ఇది కొత్త మాటే. అడవికి వెళ్ళేవాళ్ళంటే వేటగాళ్ళు, కలప కొట్టేవాళ్ళు, సర్వేవాళ్ళు. పని లేకుండా, కేవలం ఒళ్ళూ మనసూ తేలికపడడానికి అడవికి వెళ్ళడం డబ్బూ తీరికా ఉన్న ఏ కొద్దిమందికో తెలిసిన సంగతి.

అడిరాండాక్స్ గురించి అంతకుముందూ పుస్తకాలున్నాయి. 1849లోనే జోయెల్ హెడ్లీ ఒకటి రాశాడు. మర్రే పుస్తకం వాటన్నిటినీ దాటిపోయిందంటే కారణం అందులోని వర్ణనలు కాదు, వివరాలు. ఎలా చేరుకోవాలి, ఏ నెలలో వెళ్ళాలి, గైడుకి రోజుకి ఎంత ఇవ్వాలి, ఉన్ని బట్టలు ఎన్ని జతలు, దోమల నుంచి ఆడవాళ్ళు ముఖం కాపాడుకోవడానికి వల ఎలా కుట్టించుకోవాలి, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పాడు. ఆ ఎండాకాలమే రైలు టైంటేబుళ్ళు, మ్యాపు కలిపి టూరిస్టు ఎడిషన్ కూడా వచ్చింది. చదివినవాడికి వెంటనే పెట్టె సర్దుకోవాలనిపించే పుస్తకం అది. సర్దుకున్నారు కూడా. అంతకుముందు ఏడాదికి కొన్ని వందలమంది వచ్చే చోటికి ఆ ఒక్క వేసవిలో వేలమంది వచ్చి పడ్డారు.

అడిరాండాక్స్ చిన్న ప్రదేశమేమీ కాదు. ఇప్పటి పార్కు హద్దుల్లో ఉన్నది సుమారు 60 లక్షల ఎకరాలు. తెలుగు నేల మీద అన్నిటికన్నా పెద్దదైన పాత అనంతపురం జిల్లా కూడా దానికన్నా చిన్నదే. చిన్నా పెద్దా కలిపి దాదాపు 3,000 సరస్సులు. 5,344 అడుగుల మౌంట్ మార్సీ అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. రోడ్లు లేని ఆ రోజుల్లో ప్రయాణమంతా నీళ్ళ మీదే. ఒక సరస్సు దాటడం, పడవని ఎత్తుకుని అడవిలో నడవడం, ఇంకో సరస్సులో దించడం.

ఆ పడవని మోసింది ఎవరు? మర్రే పాఠకులు కాదు, గైడులు. వాళ్ళని పక్కనపెట్టి ఈ చరిత్ర చెప్పుకోవడం అన్యాయం. ఈ కొండల్లో మోహాక్‌లు, అబెనాకీలు ఎన్నో తరాలుగా వేటాడారు, చేపలు పట్టారు. లాంగ్ లేక్ ఊరికి చెందిన మిచెల్ సబాటిస్ అబెనాకీ మనిషి. హెడ్లీకి దారి చూపింది ఆయనే. మర్రేకి దొరికిన గైడు జాన్ ప్లమ్లీ కూడా ఆ ఊరివాడే. 'ఆనెస్ట్ జాన్' అని పిలుస్తూ మర్రే అతన్ని పుస్తకమంతా పొగిడాడు. పడవ నడపడం, దారి వెతకడం, చేపలు పట్టడం, వండి పెట్టడం, రాత్రంతా నెగడు ఆరిపోకుండా చూడడం, అన్నీ గైడు పనులే. కూలి రోజుకి రెండున్నర డాలర్లు.

గైడుబోటు అని పేరుపడ్డ ఆ పడవని దగ్గర నుంచి చూడాలి. పొడవు పదహారు అడుగులు. అందులో ఇద్దరు ముగ్గురు మనుషులు, సామాను, ఒక్కోసారి వేటాడిన జింక కూడా పట్టేది. బరువు మాత్రం సుమారు 30 కిలోలు. ఇంత తేలికగా ఉండి అంత గట్టిగా ఎలా నిలిచిందంటే, రహస్యం చెట్టు మొదట్లో ఉంది. స్ప్రూస్ చెట్టు మాను నేలలోకి దిగి వేరుగా వంపు తిరిగే చోట కర్ర పోగులు ఆ వంపుతోనే పెరుగుతాయి. చెట్టు కొట్టాక మిగిలిన ఆ మొద్దుని తవ్వి తీసి, వంపు చెడకుండా పలుచగా కోసి, పడవకి పక్కటెముకలు చేసేవాళ్ళు. కాల్చి వంచిన కర్ర కాదు కాబట్టి విరగదు. వాటి మీద సన్నటి పైన్ లేదా సీడర్ పలకలు, వాటిని పట్టి ఉంచడానికి వేలకొద్దీ చిన్న చిన్న మేకులు. సరస్సు దాటగానే గైడు మెడకీ భుజాలకీ సరిపడేలా చెక్కిన కాడిని తగిలించుకుని, పడవని తలకిందులుగా ఎత్తుకుని అడవిలోకి నడిచిపోయేవాడు. చలికాలం ఇంట్లో కూర్చుని వీటిని చేసిన ఆ మనుషుల పనితనం ముందు మర్రే వాక్యాలు నిలబడవు.

మర్రే పుస్తకానికి పదకొండేళ్ళ ముందు, 1858 ఆగస్టులో, ఫాలెన్స్‌బీ సరస్సు ఒడ్డున పదిమంది మేధావులు గుడిసె వేసుకున్నారు. కవి ఎమర్సన్, ప్రకృతి శాస్త్రవేత్త అగాసీ, కవి లోవెల్ వాళ్ళలో ఉన్నారు. వాళ్ళని పోగుచేసి తీసుకొచ్చింది చిత్రకారుడు విలియం జేమ్స్ స్టిల్‌మన్. కవి లాంగ్‌ఫెలోని కూడా పిలిచారు. ఎమర్సన్ తుపాకీ పట్టుకుని వస్తున్నాడని తెలిసి, ఎవరికో ఒకరికి గుండు తగలడం ఖాయమని ఆయన రానన్నాడట. అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫు తీగ పడిందన్న కబురు వాళ్ళకి ఆ అడవిలోనే అందింది. స్టిల్‌మన్ గీసిన బొమ్మ ఉంది కాబట్టి ఆ మకాం ఎలా ఉండేదో మనకు తెలుసు.

అప్పటి గుడిసె అంటే మూడు పక్కలా మూసి, ముందువైపు తెరిచి ఉన్న ఏటవాలు పాక. ముందు పెద్ద నెగడు. పై కప్పు స్ప్రూస్ బెరడు. వేసవి మొదట్లో చెట్టులో రసం ఎక్కే రోజుల్లో మాను మొదలు దగ్గర ఒక గాటు, చెయ్యి అందినంత ఎత్తులో ఇంకో గాటు పెట్టి, నిలువునా చీల్చి పలకలా ఊడదీసేవాళ్ళు. పడకకి బాల్సమ్ చెట్టు రెమ్మలు, తాటాకు కప్పినట్టు ఒకదాని మీద ఒకటి వరసగా. పరిమళం గొప్పగానే ఉండేది. కానీ బెరడు ఒలిచిన చెట్టు బతకదు. రెమ్మలన్నీ విరిచిన చెట్టు కోలుకోదు. వచ్చేది పదిమందైతే అడవి తట్టుకుంటుంది. 1869 తరవాత లెక్క మారింది.

1869 వేసవి చలిగా, వానలతో గడిచింది. జులై వచ్చేసరికి పోతాయని మర్రే భరోసా ఇచ్చిన నల్ల ఈగలు పోలేదు. గైడులు చాలలేదు, హోటళ్ళలో నేల మీద కూడా చోటు లేదు. పత్రికలు ఆ యాత్రికుల్ని 'మర్రే ఫూల్స్' అని వెక్కిరించాయి. అన్నిటికన్నా బాధ కలిగించేది క్షయ రోగుల సంగతి. చావుకి దగ్గరైన ఒక యువకుడు అడవి గాలికి కోలుకున్న కథ మర్రే రాశాడు. దాన్ని నమ్మి వచ్చినవాళ్ళలో కొందరు తిరిగి వెళ్ళలేదు. ఒక రచయిత ఉత్సాహంలో రాసిన పేజీకి ఇంత మూల్యం పడడం మరిచిపోవలసిన విషయం కాదు. అయితే 1873లో ఎడ్వర్డ్ ట్రూడో అనే యువ డాక్టరు కూడా అక్కడికి వచ్చాడు. క్షయతో వచ్చిన ఆయన కోలుకుని, శారనాక్ లేక్ ఊళ్ళో 1885లో 'లిటిల్ రెడ్' అనే ఒక చిన్న కుటీరంతో శానిటోరియం మొదలుపెట్టాడు. మంచి గాలి, విశ్రాంతి, ఆరుబయట పడక. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో వెలసిన శానిటోరియం కూడా ఆ నమ్మకం మీద కట్టిందే.

ఇంతలో గొడ్డళ్ళు కొండలెక్కాయి. అడవి కొట్టేస్తే హడ్సన్ నదిలో నీళ్ళు తగ్గిపోతాయని న్యూయార్క్ వ్యాపారులకి భయం పట్టుకుంది. 1885లో రాష్ట్రం అటవీ సంరక్షణ చట్టం చేసింది, 1892లో పార్కు గీత గీసింది. 1894లో రాజ్యాంగంలోనే రాసుకుంది: ఈ ప్రభుత్వ అడవి ఎప్పటికీ అడవిగానే ఉండాలి, చెట్టుని అమ్మకూడదు, తియ్యకూడదు, నాశనం చెయ్యకూడదు. మామూలు చట్టమైతే ఏ శాసనసభైనా మార్చేయగలదు. దీన్ని మార్చాలంటే ప్రజలు ఓటెయ్యాలి. అడిరాండాక్స్ అడవికి దొరికిన అదృష్టం ఇదే.

గీత లోపలిదంతా ప్రభుత్వానిది కాదు. రైల్వే కుబేరులు, చమురు కుబేరులు లక్షల ఎకరాలు కొని సరస్సుల చుట్టూ 'ప్రవేశం లేదు' బోర్డులు కొట్టారు. తరతరాలుగా చేపలు పట్టుకునే ఊరివాళ్ళు రాత్రికి రాత్రి దొంగలయ్యారు. సివిల్ వార్‌లో పోరాడి వచ్చిన ఆలివర్ లమోరా అనే ముసలాయన మాత్రం ఊరుకోలేదు. ఆ కుబేరుల్లో ఒకడైన విలియం రాక్‌ఫెల్లర్ స్థలంలో చేపలు పట్టాడు, కోర్టుకీడిస్తే ఏళ్ళ తరబడి నిలబడ్డాడు. కేసు చివరికి రాక్‌ఫెల్లరే గెలిచాడు. జ్యూరీ ఇప్పించిన నష్టపరిహారం 18 సెంట్లు. ఆ ఊళ్ళ మనసేమిటో ఆ అంకెలో ఉంది.

కారు వచ్చాక ఒడ్డు మళ్ళీ సామాన్యుడికి దగ్గరైంది. 1916లో ఎడిసన్, టైర్ల కంపెనీ యజమాని ఫైర్‌స్టోన్, ప్రకృతి రచయిత బరోస్ గుడారాలు కార్లలో పెట్టుకుని అడిరాండాక్స్ మీదుగా తిరిగారు. పత్రికలు ఆ యాత్ర గురించి రాశాయి. ఫోర్డ్ మోడల్ టీ కారు చౌకయ్యేకొద్దీ కార్మికుడి కుటుంబం కూడా శనివారం బయలుదేరింది. గైడు అక్కర్లేదు, పడవ అక్కర్లేదు. రోడ్డు పక్కన నచ్చిన చోట కారాపి గుడారం వేసేవాళ్ళు. ఆర్పని పొయ్యిలు, పారేసిన డబ్బాలు, నీళ్ళ పక్కనే మలవిసర్జన. 1903లోనూ 1908లోనూ లక్షల ఎకరాలు బూడిదవడం చూసిన రాష్ట్రానికి ఆ పొయ్యిలంటే గుండె దడ. అందుకని 1920 నుంచి, షార్ప్ బ్రిడ్జ్ లాంటి చోట్ల, రాళ్ళ పొయ్యి కట్టి, మంచినీళ్ళు పెట్టి, ఇక్కడే దిగండి అని చోటు చూపించడం మొదలైంది.

మనమిప్పుడు క్యాంప్‌గ్రౌండ్ అనుకునే రూపం మాత్రం దేశపు అవతలి ఒడ్డు నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలో ఇ. పి. మైనెకె అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. చెట్ల రోగాలు ఆయన చదువు. రెడ్‌వుడ్ తోపుల్లో చెట్లు ఎందుకు నీరసిస్తున్నాయో చూడమని ఆయన్ని పిలిచారు. ఆయనకి దొరికింది తెగులు కాదు, టైర్ల జాడలు, కాలి జాడలు. చెట్టుకి తిండి పెట్టే సన్నటి వేళ్ళు పైపై మట్టిలోనే ఉంటాయి. కార్లు, మనుషులు తొక్కీ తొక్కీ మట్టి గట్టిపడిపోతే గాలి ఆడదు, నీళ్ళు ఇంకవు, వేళ్ళు చస్తాయి. అయినా చెట్టు కొన్నేళ్ళు పచ్చగానే కనిపిస్తుంది. ఎండడం మొదలయ్యేనాటికి తొక్కినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటారు. ఎవరూ గొడ్డలి ఎత్తకుండానే, అడవిని ప్రేమించి వచ్చినవాళ్ళ వల్లే అడవి చస్తోందని రుజువు చేసిన మనిషి ఆయన.

1932లో ఆయన పరిష్కారం రాశాడు. ముందు కారుని కట్టెయ్యాలి. ఒకే వైపు సాగే గుండ్రటి రోడ్డు వెయ్యాలి. దాని నుంచి ఏటవాలుగా, ఒక్క కారు పట్టేంత చీలిక తియ్యాలి. కారు పక్కకి కదలకుండా పెద్ద పెద్ద రాళ్ళు సగం పాతి అడ్డం పెట్టాలి. పొయ్యి కదలకూడదు, బల్ల కదలకూడదు. పక్క గుడారం కనపడకుండా మధ్యలో పొదలు ఉంచాలి. మరుసటి ఏడాది రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టి, పనిలేని కుర్రాళ్ళని నెలకి 30 డాలర్లకి అడవుల్లోకి పంపింది. అందులో 25 ఇంటికి చేరాలి. మైనెకె కాగితం మీద గీసినది దేశమంతటా ఆ కుర్రాళ్ళ చేతుల మీదుగా నేల మీదికి వచ్చింది. అడిరాండాక్స్‌లో ఎన్నో క్యాంప్‌గ్రౌండ్లు వాళ్ళ చెమటే.

శారనాక్ లేక్ దాపున ఉన్న ఫిష్ క్రీక్ పాండ్‌లో ఇప్పుడు 355 సైట్లు, దాదాపు అన్నీ నీళ్ళ అంచునే. తొమ్మిది నెలల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది. న్యూజెర్సీ నుంచి వచ్చే తెలుగు కుటుంబాలు కూడా ఆ క్యూలో ఉంటాయి. నంబరేసిన సైటు, ఇనప పొయ్యి, బల్ల చూసి ఇదేం అడవి అని పెదవి విరిచేవాళ్ళున్నారు. కారుకి అడ్డంగా అక్కడ రాయి ఎందుకు పాతారో తెలిస్తే అలా అనబుద్ధి కాదు. క్యాంప్‌గ్రౌండ్ బయట ప్రభుత్వ అడవిలో నీళ్ళకీ దారికీ 150 అడుగుల లోపు, గుర్తు పెట్టిన చోట తప్ప, గుడారం వెయ్యకూడదు. పురుగులు కట్టెతోపాటు పాకుతాయని, శుద్ధి చెయ్యని వంటచెరకుని 50 మైళ్ళు దాటించకూడదు. ఎత్తైన శిఖరాలున్న ప్రాంతపు తూర్పు భాగంలో, ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, రాత్రి ఉండేవాళ్ళు తిండిని ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టి తీరాలి. ఈ నియమం 2005 నుంచి ఉంది.

అడవి ఎప్పటికీ అడవిగానే ఉండాలన్న 1894 నాటి రాజ్యాంగ వాక్యానికి పరీక్షలు ఆగలేదు. 1932 చలికాలపు ఒలింపిక్స్ కోసం లేక్ ప్లాసిడ్ దగ్గర మంచు మీద జారే బాబ్‌స్లెడ్ బళ్ళకి దారి వెయ్యాలని, ప్రభుత్వ అడవిలో సుమారు 2,500 చెట్లు కొట్టడానికి శాసనసభ అనుమతి ఇచ్చింది. 1930లో రాష్ట్రపు అత్యున్నత కోర్టు కుదరదంది. దారిని ప్రైవేటు స్థలంలో వేసుకున్నారు. 2021లో ఆ కోర్టు ముందుకే, మంచు మీద నడిచే స్నోమొబైల్ బళ్ళ దారుల తగవు వచ్చింది. మూడంగుళాలకన్నా సన్నటి మొక్కల్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని ప్రభుత్వం వాదించింది, దాని ప్రకారం పోయేవి ఆరు వేల పైచిలుకు. అంగుళం మందం ఉన్న మొక్క కూడా చెట్టే అని అడవి పక్షాన నిలిచినవాళ్ళు అన్నారు, వాళ్ళ లెక్క దాదాపు 25,000. కోర్టు నాలుగుకి రెండు ఓట్లతో ఆ దారుల్ని ఆపేసింది.