మగ్గం ఎవరి లెక్కలో ఉంది? ఇంటి బీమా చరిత్రలో నేత ఇల్లు

2024 డిసెంబరు 1, 2 తేదీల్లో ఫెంజల్ తుఫాను మన జిల్లా మీదికి వచ్చింది మనలో ఎవరమూ మరిచిపోలేదు. ఊతంగరైలో ఒక్క దినానికే 50 సెంటీమీటర్ల వాన పడింది. బస్టాండు పక్కన నిలిపిన వ్యాన్లూ కార్లూ వరదలో కొట్టుకొని పొయ్యేది మనమంతా ఫోన్లలో చూసినాము. గురుబరపల్లి పక్క అంత పడలేదు. అయినా ఆ రాత్రి మన ఇండ్లలో అడిగిన మొదటి మాట ఒకటే: "గుంటలోకి నీళ్ళు వచ్చినాయా?"

గుంట మగ్గం ఉండే ఇంటికి వాన అంటే అర్థం అది. గోడ నిలిచినా, కప్పు కారకపోయినా, మగ్గం గుంటలో మోకాలి లోతు నీళ్ళు ఊరితే నెల దినాల పని పోయినట్టే. కొట్టుకొని పోయిన కార్లను చూస్తూ మన పెద్దాయన ఒకరు అన్న మాట మాకు ఇంకా గుర్తుంది: "వాళ్ళకు బీమా ఉంటుందిలే." బీమా లేని బండి షోరూము గేటు దాటదు. మగ్గం మాత్రం మూడు తరాలుగా బీమా లేకుండానే ఆడుతోంది. ఎందుకు ఇట్లా అయింది అని వెనక్కి పోయి చూసినదే ఈ వ్యాసం.

నష్టాన్ని ముందే లెక్కగట్టి పంచుకొనే పద్ధతి మన దేశానికి కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అప్పు వడ్డీ మామూలుగా నెలకు నూటికి ఒకటింబావు, వ్యాపారానికి అయిదు, అడవి దారిన పొయ్యేవాడికి పది, సముద్రం మీద పొయ్యేవాడికి ఇరవై అని ఉంది. ఓడ మునిగితే అప్పిచ్చినవాడి సొమ్ము కూడా మునుగుతుంది కాబట్టే ఆ ఇరవై. ఇది సరుకుకూ దారికీ కట్టిన లెక్క. సరుకు నేసిన ఇల్లు ఆ లెక్కలో లేదు.

ఇంటికి బీమా పుట్టింది అగ్గిలోనుంచి. 1666లో లండన్‌లో ఒక రొట్టెల బట్టీలో రేగిన నిప్పు నాలుగు దినాల్లో 13,200 ఇండ్లను కాల్చేసింది. ఆ తరువాత 1680ల మొదట్లో నికొలస్ బార్బన్ అనే ఆయన అగ్గి బీమా ఆఫీసు తెరిచినాడు. ఇటుక ఇంటికి ఏడాది బాడుగలో నూటికి రెండున్నర, కొయ్య ఇంటికి అయిదు. గట్టి ఇంటికి తక్కువ, కాలే ఇంటికి రెండింతలు. ఈ లెక్కే మన దేశం దాకా వచ్చింది. మొన్నటి వరకు నడిచిన అగ్ని బీమా టారిఫ్‌లో కూడా గడ్డి, వెదురు, తార్పాలిన్ కప్పులను 'కచ్చా కట్టడం' అని వేరు చేసి ఎక్కువ ధర పెట్టేవాళ్ళు. బొగ్గుపొయ్యి పక్కనే నూలు ఆరేసుకొనే పాత కాలపు నేత ఇంటిని తలుచుకోండి. బీమా ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అది ప్రియం.

మన సీమ సంగతికి వస్తాము. 1792లో శ్రీరంగపట్నం సంధితో బారామహల్ కుంఫిణీ చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో ఇక్కడి భూములనూ ఇండ్లనూ కొలిచి రాసుకున్నారు. మద్రాసు రాజధానిలో చాలా జిల్లాల్లో మొహతర్ఫా అనే పన్ను ఉండేది. మగ్గానికి ఇంత, అంగడికి ఇంత అని. తరువాత దాన్ని ఎత్తేసినారు. అంటే సర్కారు మగ్గాన్ని ఒక్కొక్కటిగా ఎంచిన కాలం ఒకటి ఉంది. ఎంచింది పన్నుకు. ఆ మగ్గం కాలిపోతే దాని విలువ ఎంత అని రాసిన పుస్తకం మాత్రం లేదు. అప్పుడు నేతవాడి బీమా అంటే కులమే. ఒక ఇల్లు కాలితే వీధి వీధి తిరిగి నూలు, బియ్యం, వాసాలు పోగుచేసేవాళ్ళు. మంచి ఏర్పాటే, కాదనము. కాని 1876–78 ధాత కరువులో మొత్తం సేలం జిల్లానే ఆకలితో పడిపోతే వీధి వీధి తిరిగి ఎవరిని అడుగుతారు? అందరికీ ఒకే రోజు వచ్చే కష్టానికి చందా పనికిరాదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

1920లలో మన తెలుగువాళ్ళే బీమా కంపెనీలు పెట్టినారు. కలంకారీ ఊరు మచిలీపట్నంలో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ స్థాపించినారు. ఖద్దరు, బ్యాంకు, బీమా మూడూ స్వదేశీ అని నమ్మిన మనిషి ఆయన. ఆ నమ్మకం మన ఇండ్ల దాకా ఎంత వచ్చింది? మా ముత్తాతల కొయ్యపెట్టెల్లో అప్పు పత్రాలు కట్టలు కట్టలుగా దొరికినాయి. బీమా పత్రం ఒక్కటీ దొరకలేదు.

1956లో జీవిత బీమా ఎల్‌ఐసీ అయింది. 1973 జనవరి 1న 107 సాధారణ బీమా కంపెనీలను నాలుగు సర్కారు కంపెనీలుగా చేసినారు. అందులో ఒకటైన యునైటెడ్ ఇండియా ప్రధాన కార్యాలయం మన చెన్నైలోనే ఉంది. ఆ తరువాత నేతవాళ్ళ కోసం వచ్చిన పథకాలను చూస్తే ఒక సంగతి తేటగా కనబడుతుంది. 2005లో మహాత్మా గాంధీ బున్‌కర్ బీమా యోజన వచ్చింది. అది ప్రాణానికి. అదే కాలంలో ఆరోగ్య బీమా వచ్చింది. అది ఒంటికి. 2022 ఆగస్టు 7న తెలంగాణలో నేతన్న బీమా వచ్చింది, అదీ ప్రాణానికే. మనిషి పోతే ఇంటివాళ్ళకు డబ్బు వస్తుంది. మగ్గం పోతే మనిషి బతికే ఉంటాడు, పని ఉండదు. ఆ బతుకుకు ఈ పథకాల్లో చోటు లేదు.

ఎందుకు లేదంటే, బీమా కాగితం రాసేవాడికి మన ఇల్లు అర్థం కాదు. ఆయన లెక్కలో ఇల్లు వేరు, ఫ్యాక్టరీ వేరు. మన ఇంట్లో నడిమింటిలో మగ్గం, దాని పక్కన ఉయ్యాల, మూలన పడుగు చుట్టిన దోనె, పైన అటక మీద కోర్లు కోర్లుగా నూలు. ఇది ఇల్లా, కార్ఖానానా? ఇంటి పాలసీలో సామాన్లు అంటే మంచం, బీరువా, టీవీ, బట్టలు, ఇట్లా ఇంటి వాడకానికి ఉండేవి. మగ్గం అందులోకి రాదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మన ఇంట్లో ఉండే నూలు శానా మటుకు మనది కాదు. సొసైటీదో, మాస్టరు వీవరుదో. పాత స్టాండర్డు అగ్ని బీమా పాలసీలో ఒక చిన్న వాక్యం ఉంటుంది: ఇతరులది నమ్మకం మీద మన దగ్గర పెట్టుకున్న సరుకు, ప్రత్యేకంగా రాయిస్తే తప్ప, బీమా కిందికి రాదు అని. నేతవాడి ఇంట్లోని నూలుకు ఇంతకన్న సరిగ్గా సరిపొయ్యే వర్ణన లేదు. సొసైటీ గోడౌనులో ఉన్నంతవరకు ఆ నూలుకు బ్యాంకు లోను కింద బీమా ఉంటుంది. మన గడప దాటి లోపలికి వచ్చినాక దాని చిరునామా మారిపోతుంది. కాలితే నష్టం ఎవరిది? మన లెక్కలోకి బాకీగా ఎక్కుతుంది, అంతే.

మూడోది ముందు చెప్పిన గుంట. చెరువు తెగి నీళ్ళు ఇంట్లోకి దూరితే అది వరద. కింద నుంచి మెల్లగా ఊరిన నీళ్ళయితే వాదన మొదలవుతుంది.

మన సమాఖ్య కుటుంబాల్లోనే ఒకరింట్లో కొన్నేండ్ల కింద కరెంటు తీగ కాలి మంట లేచింది. రెండు మగ్గాలూ పోయినాయి. లోను ఇచ్చేటప్పుడే బీమా డబ్బు పట్టుకున్నారు, పాసుబుక్కులో ఉంది. పాలసీ కాగితం మాత్రం ఆ పొద్దుదాకా ఇంట్లో ఎవరూ కళ్ళతో చూడలేదు. తెప్పించి చూస్తే అందులో రాసిన చిరునామా వాళ్ళ చీరల అంగడిది. సర్వేయరు మంచివాడే. "అన్నా, కాలింది నిజమే. గాని ఈ ఇల్లు ఈ కాగితంలో లేదు" అన్నాడు. ఆయన మీద మాకు కోపం లేదు. పాలసీ రాసిన పొద్దు ఒక్కరూ ఇంటికి వచ్చి చూడలేదు, ఆ కోపం ఉంది.

2007 జనవరి నుంచి అగ్ని బీమా ధరలు కంపెనీల ఇష్టానికి వదిలేసినారు. మనకు పనికొచ్చే మార్పు 2021 ఏప్రిల్ 1న వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలూ ఒకే రకంగా అమ్మాలని మూడు పాలసీలు పెట్టింది. ఇంటికి భారత్ గృహ రక్ష. అయిదు కోట్లలోపు ఆస్తి ఉన్న చిన్న పనివాళ్ళకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. దానికి పైన యాభై కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. మన మగ్గానికి రెండోది సరిపోతుంది. పాత పాలసీల్లో మనవాళ్ళను ముంచిన నిబంధన ఒకటి ఉండేది. పది లక్షల ఆస్తిని ప్రీమియం తగ్గుతుందని అయిదు లక్షలకే రాయిస్తే, రెండు లక్షలు నష్టమైతే చేతికి వచ్చేది ఒక లక్షే. గృహ రక్షలో ఈ కోత తీసేసినారు. సూక్ష్మ ఉద్యమ్‌లో 15 శాతం వరకు తక్కువ రాయించినా కోయరు. గృహ రక్షలో ఇంటి సామాన్లకు ఇంటి విలువలో 20 శాతం, పది లక్షలకు మించకుండా, తనంతట తానే వస్తుంది.

ఈ నడుమ వార్తలు శానా వస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాల మీద జీఎస్టీ తీసేసినారు. ఇంటికీ మగ్గానికీ సరుకుకీ 18 శాతం అట్లనే ఉంది. మళ్ళీ అదే కథ: మనిషికి రాయితీ, పనిముట్టుకు పన్ను. మొహతర్ఫా గుర్తుకొస్తే తప్పు మాది కాదు. 2025 డిసెంబరులో పార్లమెంటు బీమా చట్టాలను సవరించి విదేశీ పెట్టుబడి హద్దు 74 నుంచి 100 శాతానికి పెంచింది. కంపెనీలు ఎక్కువైతే ధర తగ్గుతుంది అంటారు. కాలిఫోర్నియాలో ఉండే మన పిల్లలను అడగండి. అక్కడ 2023 మేలో స్టేట్ ఫార్మ్ అనే పెద్ద కంపెనీ కార్చిచ్చుల భయంతో కొత్త ఇండ్లకు బీమా రాయడం మానేసింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టూ ఊళ్ళకు ఊళ్ళే కాలినాయి. నష్టం ఎక్కువున్న చోటి నుంచి కంపెనీ ముందు లేచిపోతుంది, పెట్టుబడి ఏ దేశానిదైనా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కింది అంతస్తు ఇండ్లకు సర్కారు తలా 25 వేలు ఇచ్చింది. ఆదుకొన్న మాట నిజమే. కాని సాయం ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది, బీమా హక్కు. మాకు ఆశ కలిగించింది ఇంకొకటి. గుజరాత్ మహిళల సంఘం సేవా తన సభ్యులకు ఎండ బీమా తీసుకొంది. ఎండ ఒక హద్దు దాటితే చాలు, సర్వేయరు రాకుండానే డబ్బు పడుతుంది. 2024 వేసవిలో దాదాపు 50 వేల మందికి తలా 400 రూపాయలు పడినాయి. చిన్న మొత్తమే. అదే పద్ధతిలో "ఇన్ని సెంటీమీటర్ల వాన దాటితే గుంట మగ్గానికి ఇంత" అని ఒక్క ఇల్లు అడిగితే ఏ కంపెనీ వినదు. సమాఖ్య అడిగితే వినొచ్చు.

అందుకే ఈసారి సర్వసభ్య సమావేశం ముందుకు మూడు సంగతులు తెస్తున్నాము. ప్రతి ఇంటి మగ్గాలకూ పన్నెలకూ అచ్చులకూ ఫొటోతో ఒక పట్టీ ఉండాలి. ఇంట్లో మగ్గం ఉందన్నది దరఖాస్తులో దాచకుండా రాయించాలి, పాలసీ నకలు మన చేతికి రావాలి. కంపెనీ ఒప్పుకోకపోతే చెన్నైలో ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ ఉన్నారు, 50 లక్షల వరకు ఫిర్యాదు తీసుకుంటారు, ఫీజు లేదు. ఇక మూడోది అన్నిటికన్నా కష్టం: నూలు ఇచ్చేటప్పుడు చీటీలో ఎన్ని కిలోలు అని రాస్తున్నారు గదా, దాని కిందనే "ఈ సరుకుకు బీమా ఎవరిది" అనే గీత ఒకటి అచ్చు వేయించాలి. ఆ గీత మీద ఎవరి పేరు రాయాలన్నదే సమావేశంలో తేలాలి. మాస్టరు వీవర్లు కూడా రావాలని కోరుతున్నాము.