గోడమీది బూడిదవన్నె



ఇటీవల మా తిరుమలాయపాలెమున ఇల్లు బాగుచేయించు పిల్లలు గోడలకు బూడిదవన్నె కోరుచున్నారు. “పండుగనాడు కాటిరంగేమి?” అని పెద్దలు నొచ్చుకొనుచున్నారు. ఈ వన్నె మనకు క్రొత్తదియా?

కాదని నా తలంపు. అమరసింహుడు తన నిఘంటువున ధూసరమును కొంచెము పాలిపోయిన తెలుపుగా చెప్పియే యున్నాడు. నిఘంటువు మాట అటుండనిండు. మన మట్టియిల్లు చూడుడు. పేడయు మట్టియు కలిపి యలికిన గోడ తడియారగానే పచ్చదనము విడిచి బూడిదవన్నెకు దిగును. దాని యడుగున జాజుపట్టె, పైని సున్నపు ముగ్గు. మనవారు దానిని రంగని పిలువలేదు గాని, ఆ ఎరుపును ఆ తెలుపును వెలిగించినది అదియే.

పిమ్మట సిమెంటు వచ్చినది. 1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు దానికి పేటెంటు పొంది, పోర్ట్‌లాండు రాతిని పోలునని ఆ పేరే పెట్టెను. మనవారు మాత్రము సిమెంటు బూడిదవన్నెను సగము పనిగా నెంచి దానిపై వెల్లవేసిరి.

డబ్బారంగుల కథ వేరు. పూర్వము వానిలో సీసముతో చేసిన తెలుపు కలిపెడివారు. అది పిల్లల మెదడునకు హాని. మన దేశమున 2016 నాటి నిబంధనలు ఇంటిరంగులలో సీసమును పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని కట్టడిచేసినవి. 2017 నవంబరు 1 నుండి అవి అమలైనవి. కావున పాతరంగును పొడిగా గీకింపకుడు; తడిపి తీయింపుడు. మట్టిగోడకు నూనెరంగు అసలే వలదు. లోనితేమ వెలికిపోక పెచ్చులూడును. సున్నములో దీపపుమసి కలిపినచో బూడిదవన్నె అక్కడనే దొరకును.

నా యనుభవమొకటి. పోయినయేడు మా నడవగోడకు బూడిదరంగు వేయించి, క్రింద పాత జాజుపట్టెను ఉంచితిని. తెల్లవారి చూడగా గోడ పాచిపట్టినట్లు పచ్చగా కనబడెను! డబ్బా చంకనిడుకొని అంగడివానితో జగడమునకు పోతిని. అతడు మారుపలుకక తెల్లకాగితముపై చుక్కవేసి చూపెను. అచ్చమైన బూడిదయే! సిగ్గుపడి తిరిగివచ్చితిని.

ఈ తగవు ప్యారిసులోను జరిగినది. 1824లో గోబెలెన్ నేతశాలలో అద్దకముల యధికారియైన షెవ్రూల్ అను రసాయనశాస్త్రజ్ఞునికి నల్లరంగులో పసలేదని ఫిర్యాదులు వచ్చినవి. శోధింపగా దోషము అద్దకములో లేదు. ప్రక్కనున్న నీలివన్నె దారములలో నున్నది. ప్రక్కప్రక్కనున్న వన్నెలు ఒకదాని చూపును మరియొకటి మార్చునని 1839లో గ్రంథము వ్రాసెను. ఎరుపు చెంత బూడిద పచ్చనగుట అట్టిదే.

జాజుపట్టెను చెరుపుటకు మా యింటియామె ఒప్పలేదు. అందుచే బూడిదరంగులో చిటికెడు ఎరుపు కలిపించి మరల పూయించితిని. ఇప్పుడది బూడిదగానే కనబడుచున్నది.