నాలాక్సోన్: బహిరంగ ప్రదేశాల్లో అందుబాటు

ఓపియాయిడ్ల మోతాదు మించి ఊపిరి ఆగిపోతున్న మనిషిని బతికించే విరుగుడు మందు నాలాక్సోన్. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్, దాని నుంచి తయారుచేసే హెరాయిన్, రసాయనాలతో తయారయ్యే ఫెంటనిల్, నొప్పి మాత్రలైన ఆక్సికోడోన్, ట్రమడాల్ వంటివన్నీ ఓపియాయిడ్లే. ఈ విరుగుడును ఆసుపత్రులకే వదిలేయకుండా బడుల్లో, కళాశాలల్లో, గ్రంథాలయాల్లో ఉంచి, వైద్యం తెలియనివారు కూడా వాడే వీలు కల్పించడం అమెరికాలోనూ మరికొన్ని దేశాల్లోనూ ప్రజారోగ్య విధానంగా స్థిరపడింది.

పనిచేసే తీరు

ఊపిరిని నడిపే కేంద్రం మెదడు కాండంలో ఉంటుంది. ఓపియాయిడ్లు అక్కడి గ్రాహకాలకు అతుక్కుని శ్వాసను మందగింపజేస్తాయి. మోతాదు మించితే శ్వాస ఆగిపోతుంది, నిమిషాల్లోనే మెదడు దెబ్బతింటుంది. నాలాక్సోన్‌కు ఆ గ్రాహకాలపై పట్టు ఎక్కువ. ఓపియాయిడ్‌ను తొలగించి ఆ చోటును తాను ఆక్రమిస్తుంది, మత్తు మాత్రం కలిగించదు. ముక్కులో కొట్టే స్ప్రే 2, 3 నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. ఒంట్లో ఓపియాయిడ్ లేనివారికి పొరపాటున ఇచ్చినా చెప్పుకోదగ్గ హాని ఉండదు. సామాన్యుల చేతికి ఇవ్వడానికి వీలైంది ఈ గుణం వల్లే.

చరిత్ర

నాలాక్సోన్‌కు 1961లో పేటెంట్ కోరారు. 1971లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆమోదించింది. చాలాకాలం అది వైద్యుల చేతుల్లోనే ఉండిపోయింది. 1996లో చికాగో రికవరీ అలయన్స్ అనే స్వచ్ఛంద సంస్థ దాన్ని మత్తుమందులు వాడేవారికీ వారి సన్నిహితులకూ పంచడం మొదలుపెట్టింది. మోతాదు మించినప్పుడు పక్కన ఉండేది వారే కదా. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే సూచించింది. అమెరికాలో 2015లో ముక్కులో కొట్టే నాలాక్సోన్ స్ప్రే నార్కాన్‌కు ఆమోదం రాగా, 2023లో మందుల చీటీ లేకుండా కొనుక్కునే వీలు కలిగింది.

బహిరంగ ప్రదేశాల్లో

ఫిలడెల్ఫియాలోని మెక్‌ఫెర్సన్ స్క్వేర్ గ్రంథాలయ సిబ్బంది 2017లో తమ ఆవరణలో పడిపోయినవారికి స్వయంగా నాలాక్సోన్ ఇచ్చి కాపాడారు. రోడ్ ఐలండ్‌లో గోడకు అమర్చిన పెట్టెల్లో దీన్ని ఉంచారు. 2022లో ఒక విద్యార్థిని ఓపియాయిడ్ వల్ల మరణించిన తర్వాత లాస్ ఏంజెలిస్ విద్యా విభాగం తన బడులకు సరఫరా చేయాలని నిర్ణయించింది. స్కాట్లాండ్ 2011లో జాతీయ కార్యక్రమం చేపట్టింది. ఆస్ట్రేలియా 2022 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తోంది.

సాయపడితే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం పోగొట్టడానికి చట్టాలూ వచ్చాయి. మోతాదు మించినప్పుడు సాయం కోసం ఫోన్ చేసినవారికి రక్షణనిచ్చే చట్టాన్ని న్యూ మెక్సికో 2007లో చేసింది.

వాడే విధానం

పిలిచినా పలకకపోవడం, ఊపిరి అతి నెమ్మదించడం, కంటిపాపలు సూదిమొనంత కావడం, పెదవులు నీలిరంగుకు మారడం ముఖ్య లక్షణాలు. ముందు అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. అమెరికాలో ఆ నంబరు 911. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే కొట్టాలి. వీలైతే నోటితో ఊపిరి అందించాలి. 2, 3 నిమిషాల్లో స్పందన లేకపోతే రెండో మోతాదు ఇవ్వాలి. మందు ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే కాబట్టి, లేచి కూర్చున్నా ఆసుపత్రికి చేర్చాల్సిందే.

పరిమితులు, అభ్యంతరాలు

మద్యం, నిద్రమాత్రలు, పశువులకిచ్చే మత్తుమందు జైలజీన్ వల్ల కలిగే మత్తుపై నాలాక్సోన్ పనిచేయదు. ఓపియాయిడ్లకు అలవాటుపడినవారికి వాంతులు, వణుకు వంటి బాధలు రావచ్చు. విరుగుడు దగ్గరుంటే వాడకం పెరుగుతుందన్న వాదన ఉంది. దాన్ని పరిశోధనలు బలపరచలేదు. పైగా, శిక్షణతో పాటు నాలాక్సోన్ పంచిన మసాచుసెట్స్ ప్రాంతాల్లో మరణాల రేటు తగ్గిందని 2013లో వెలువడిన అధ్యయనం చూపింది. వ్యసనాన్ని ఈ మందు నయం చేయదు. చికిత్స దొరికేదాకా ప్రాణం నిలుపుతుంది.

భారతదేశంలో

2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వారిలో 2.06 శాతం మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. ఇక్కడ నాలాక్సోన్ ప్రధానంగా ఆసుపత్రుల్లో ఇంజెక్షన్‌గానే వాడుకలో ఉంది. అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులు తమ కళాశాలలో ఈ స్ప్రే ఎక్కడ ఉందో, ఎలా వాడాలో చేరిన తొలి రోజుల్లోనే తెలుసుకోవడం మంచిది.