అన్న వేసిన పిటిషన్, 21 దాటిన కూతురు

1946లో లూస్-సెల్లర్ చట్టం ఇండియాకి ఇచ్చిన కోటా ఏడాదికి 100. ఆ కోటాల పద్ధతికి 1965 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకంతో కాలం చెల్లింది.

తమాషా ఏంటంటే, కొత్త చట్టంలో నైపుణ్యం కన్నా చుట్టరికానికి పెద్దపీట వేయించింది ఒహాయో సభ్యుడు మైఖేల్ ఫీగన్. ఉన్నవాళ్ల బంధువులే వస్తే యూరప్ వాళ్లే ఎక్కువ వస్తారని లెక్క. లెక్క తప్పింది. డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లిన మనవాళ్లు సిటిజన్లయ్యి తోబుట్టువులకి పిటిషన్లు వేశారు.

1990 చట్టం ఈ తోబుట్టువుల కేటగిరీకి పెట్టింది ఏడాదికి 65,000 వీసాలు, ప్రపంచం మొత్తానికి! పైగా ఏ దేశానికైనా 7 శాతం పరిమితి. అందుకే మనకి పదిహేనేళ్లు దాటిన క్యూ. ఈలోగా పిల్లలు పెరగరా? చట్టం దృష్టిలో పిల్లలంటే పెళ్లికాని, 21 నిండనివాళ్లే.

మా చుట్టాల్లో ఒకింట్లో తల్లిదండ్రులకీ చిన్నాడికీ వీసాలొచ్చాయి. పెద్దమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో ఉండిపోయింది.

2002 చట్టం కొంత ఊరట. పిటిషన్ ఆఫీసులో పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేస్తారు. క్యూలో నిలబడ్డ ఏళ్లని తీయరు. అసలు ఆలస్యమంతా అక్కడే కదండీ! మా పాత తేదీనే పిల్లలకీ ఇవ్వండని కొందరు తల్లిదండ్రులు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2014లో ఓడిపోయారు, 5-4 తేడాతో.

ఇక మిగిలింది, తండ్రి గ్రీన్‌కార్డు మీద కొత్త పిటిషన్. ఆయన సిటిజన్ అయ్యేలోపు కూతురికి పెళ్లయితే అదీ రద్దు. మా వాళ్లమ్మాయికి ఇప్పటికే రెండు సంబంధాలు అలా వెనక్కి వెళ్లాయి.