గడ్డి మీద హక్కు ఎవరిది? పుల్లరి నుంచి గైరాన్ దాకా

మిత్రులారా, ఊరి ఉమ్మడి ఆస్తుల మీద రాస్తున్న ఈ వరుసలో పోయిన వారం చెరువు గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం గడ్డి గురించి. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను తెలుగు చెప్పేవాణ్ణి. ఒకరోజు పర్యావరణ విద్య చెప్పే సహోద్యోగి సెలవు పెడితే ఆ గంట నాకు వేశారు. పుస్తకం తీసి ఒక అమ్మాయిని చదవమన్నాను. అతిగా మేపడం వల్ల, ముఖ్యంగా మేకల వల్ల, అడవులూ పచ్చికబయళ్లూ నాశనమవుతున్నాయని ఆ పేరా సారాంశం. చదవడం ఆపి ఆ అమ్మాయి అడిగింది: "సార్, మా అమ్మ మేకలు కాస్తది. మరి నాశనం చేసింది మేమేనా సార్?" వెనక బెంచీల్లో నవ్వులు. నాకు ఆ పూట సరైన జవాబు దొరకలేదు. మా నాన్న చిన్నతనమంతా రెండు పూటల అన్నానికి, ఏడాదికో జత బట్టలకి ఇంకొకరి గొడ్లు కాశాడు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోవడం సిగ్గనిపించింది. ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు గడ్డి సంగతి. చెట్టుకి చిగురు కొమ్మ చివరన వస్తుంది. గడ్డికి పెరిగే మొగ్గ నేలకి ఆనుకుని ఉంటుంది. అందుకే పైన కొరికేసినా గడ్డి మళ్లీ లేస్తుంది. ఆవు, బర్రె నాలుకతో చుట్టి పీకి తింటాయి. గొర్రె నేల దాకా కొరుకుతుంది. మేక ఎక్కువగా పొదల ఆకు, రెమ్మ వెతుక్కుంటుంది. మేపి, కొన్నాళ్లు వదిలేసి, మళ్లీ మేపితే గడ్డి నిలబడుతుంది. అసలు మేయకపోతే ఏదో ఒక మొండి జాతి పెరిగి మిగతావాటిని కమ్మేయొచ్చు. తెరిపి లేకుండా ఒకేచోట మేపితే వేరులో దాచుకున్న బలం అయిపోయి మంచి గడ్డి చస్తుంది. పశువు ముట్టని వయ్యారిభామ లాంటి కలుపు మిగులుతుంది. కాబట్టి అసలు ప్రశ్న మేత మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఎన్ని పశువులు, ఎంత నేలలో, ఎన్నాళ్లు మేశాయి అన్నది. ఆ నేల ఎందుకు కుంచించుకుపోయింది, ఎవరు కుదించారు అన్నది ఆ తర్వాతి ప్రశ్న. పాఠ్యపుస్తకం మొదటి ప్రశ్న సగం అడిగి ఆగిపోతుంది. రెండోదాని జోలికే పోదు.

ఆ రెండో ప్రశ్నకి జవాబు చరిత్రలో ఉంది. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం అటవీ చట్టం తెచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1882లో వేరే చట్టం వచ్చింది. రైలు పట్టాల కింద వేసే దుంగలకి, ఓడలకి, వంటచెరుకుకి వాళ్లకి అడవి కావాలి. గీత గీసి రిజర్వు అన్నారు. గీత లోపల నిన్నటిదాకా మేసిన పశువు ఇవాళ్టి నుంచి దొంగ. బందెలదొడ్డి, జరిమానా, తలకింత అని మేత పన్ను. మన దగ్గర దాని పేరు పుల్లరి.

ఈ గీత మొదట ఎవరి మెడకి చుట్టుకుందో చూడండి. ఎరుకలవాళ్లు గాడిదలు, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు. దారి పొడుగునా దొరికే మేతే వాళ్ల వ్యాపారానికి ఇంధనం. రైలు వచ్చి రవాణా పోయింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, అడవి చట్టం మేతనీ, బుట్టలల్లుకునే ఈనెల్నీ లాక్కుంది. బతుకుదెరువు పోయిన మనుషుల మీద నేరస్థ జాతులు అన్న ముద్ర పడింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ముందు గడ్డిని దొంగతనం చేశారు, తర్వాత మనిషిని దొంగను చేశారు.

ఇక పల్నాడు. 1921లో అక్కడి రైతులు పుల్లరి కట్టబోమన్నారు. అధికారులకి తిండిగింజలు అందకుండా, మంగలి, చాకలి పని దొరక్కుండా సాంఘిక బహిష్కారం పెట్టారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు చనిపోయాడు. ఆ త్యాగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ రెండు విషయాలు ఆలోచించమంటున్నాను. ఒకటి, పుల్లరి గొడ్లున్నవాడి మీద పడే పన్ను. ఆ గొడ్లని ఎండలో వానలో కాసిన పిల్లవాడి పేరు ఏ చరిత్రలోనూ లేదు. రెండు, ఆ రోజు తెల్లవాడి మీద వాడిన సాంఘిక బహిష్కారం అనే ఆయుధం కొత్తగా చేయించింది కాదు. అది ఊరి కులాల దగ్గర ఎప్పటినుంచో ఉంది. కూలి పెంచమన్న ప్రతిసారీ వాడల మీద దాన్నే వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు.

తెలుగు సాహిత్యం చదివినవాడిగా ఇంకో మాట. పల్నాడు ఉద్యమంలో జైలుకి వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఆ జైల్లోనే 'మాలపల్లి' రాశారు. గడ్డి పన్ను కోసం జైలుకి పోయిన మనిషి రాసింది ఒక మాల కుటుంబం గురించి, చౌదరయ్య చేతిలో చనిపోయే సంగదాసు గురించి. పుల్లరి పాఠం చరిత్ర క్లాసులో, మాలపల్లి పాఠం తెలుగు క్లాసులో విడివిడిగా చెప్తాం. కలిపి చెప్తే వచ్చే ప్రశ్న ఒకటే: అడవి మీద హక్కు కావాలన్న ఊరు, వాడకి ఏం హక్కు ఇచ్చింది?

స్వాతంత్ర్యం వచ్చాక గీత చెరిగిపోయిందా? రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల పార్కు చూడండి. ఒకప్పుడు అది మహారాజు వేట స్థలం. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కాల్చారు. ఆ లెక్క అక్కడి రాతిఫలకం మీద ఘనంగా చెక్కించారు. తర్వాత అది నేషనల్ పార్కు అయింది. పక్షుల్ని కాపాడాలని చుట్టుపక్కల ఊళ్ల బర్రెల్ని లోపలికి రావద్దన్నారు. 1982లో దీన్ని వ్యతిరేకించిన గ్రామస్తుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. ఆ తర్వాత ఏమైంది? బర్రెలు తినే నీటిగడ్డి అడ్డూ అదుపూ లేకుండా పెరిగి నీళ్లని కప్పేసింది. బాతులు దిగడానికి తెరిపి నీళ్లు తగ్గాయి. ఈ సంగతి చెప్పింది పశువుల కాపర్లు కాదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వి.ఎస్. విజయన్ బృందం ఏళ్ల తరబడి చేసిన అధ్యయనం. బర్రెలు ఆ చిత్తడినేలకి అవసరమని తేలింది. అప్పటికే ప్రాణాలు పోయాయి. ఎక్కడైనా ఎంతైనా మేపొచ్చని దీని అర్థం కాదు. తెలుసుకోకముందే తుపాకీ పేల్చకూడదని అర్థం.

ఇక్కడిదాకా చదివి, అయితే పాత ఊరే నయం, అందరూ కలిసి మేపుకునేవాళ్లు అని ఎవరికైనా అనిపిస్తే అక్కడే ఆగండి. 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అందరిదీ అయిన పచ్చికలో ప్రతివాడూ ఇంకో పశువుని తోలతాడు, చివరికి పచ్చిక నాశనమవుతుంది అన్నది ఆయన వాదన. ఎలినార్ ఆస్ట్రమ్ దాన్ని ప్రశ్నించింది. ఊళ్లు కట్టుబాట్లు పెట్టుకుని ఉమ్మడి వనరుల్ని తరాలపాటు కాపాడుకున్న ఉదాహరణలు చూపించింది. 2009లో ఆమెకి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నేను ఆస్ట్రమ్ వైపే. కానీ మన దేశంలో ఇంకో ప్రశ్న అడగాలి: ఆ కట్టుబాట్లు ఎవరు పెట్టారు? రచ్చబండ మీద కూర్చునే హక్కు ఎవరికి ఉంది? గ్రామాన్ని పొగిడేవాళ్లకి అంబేడ్కర్ రాజ్యాంగ సభలో ఇచ్చిన జవాబు గుర్తు తెచ్చుకోండి.

1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి పరయల స్థితి మీద ఒక నివేదిక రాశాడు. ఊళ్లో బీడు భూములున్నా వాళ్లకి గజం నేల దక్కకుండా మిరాసీదార్లు ఎలా అడ్డుపడుతున్నారో అందులో ఉంది. ఆ బీడు మీద మొదటి హక్కు మాదేనని వాళ్ల వాదన. 1892లో అణగారిన కులాలకి భూములు కేటాయించే ఉత్తర్వు వచ్చింది. పంచమి భూములంటే అవే. వాటిలో చాలా భాగం చేతులు మారిపోయింది. తమిళనాడు దళితులు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

మహారాష్ట్రలో అదే కథ గైరాన్ పేరుతో నడిచింది. గైరాన్ అంటే గొడ్ల మేతకి వదిలిన నేల. భూమిలేని దళితులు ఆ బంజరుని దున్నుకున్నారు. దాదాసాహెబ్ గైక్వాడ్ నాయకత్వంలో 1959లో, మళ్లీ 1964లో భూమి కోసం సత్యాగ్రహాలు జరిగాయి. 1990 ఏప్రిల్ 14 నాటికి సాగులో ఉన్న దళితుల గైరాన్ భూముల్ని క్రమబద్ధం చేయాలని 1991లో ప్రభుత్వం నిర్ణయించింది. అమలు కోసం మరాఠ్వాడా దళితులు ఇప్పటికీ కాయితాలు పట్టుకుని తిరుగుతున్నారు. పైరు మీదికి గొడ్లని తోలి, ఇది మేత భూమి అన్నవాళ్లు ఊళ్లో పెద్ద పట్టాదార్లే. వందల ఎకరాలున్నవాడికి హఠాత్తుగా ఆవు మీద ప్రేమ పుట్టేది దళితుడు నాగలి పట్టినప్పుడే.

చట్టం ఏమంటుంది? 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మంచి తీర్పే. అయితే అదే తీర్పులో ఒక మినహాయింపు ఉంది. ప్రభుత్వ నోటిఫికేషన్ కింద భూమిలేని కూలీలకి, ఎస్సీ ఎస్టీలకి కౌలుకిచ్చిన చోట క్రమబద్ధం చేయొచ్చని. తొలగించమన్న మాట ప్రతి ఆఫీసులో వినపడుతుంది. మినహాయింపు మాట మనం గట్టిగా చదివితే గానీ వినపడదు.

మన రికార్డుల్లో ఈ నేలలకి చాలా పేర్లున్నాయి: మేత పోరంబోకు, మందబయలు, కంచె, బంచరాయి, గైరాన్. 2025లో విద్యార్థులు కాపాడుకోవడానికి లాఠీలకి ఎదురునిలిచిన కంచ గచ్చిబౌలి పేరులోనే ఆ మేత నేల ఉంది. అక్కడ చెట్లు కొట్టడం ఆపమని ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. పేదవాడి మేక పోయినంత మేరా అడవి నాశనమన్న ప్రభుత్వాలే, వేలం వేసేటప్పుడు దాన్ని ఖాళీ స్థలం అంటాయి.

విద్యార్థి మిత్రులకి ఒక పని చెప్తాను. ఈ సెలవుల్లో మీ ఊరి రికార్డు తీయించండి. మేతకి వదిలిన నేల సర్వే నంబర్లు రాసుకోండి. నడిచి వెళ్లి ఇప్పుడు అక్కడ ఏముందో చూడండి: వెంచరా, క్వారీయా, పెద్దాయన మామిడితోటా, మనవాళ్ల గుడిసెలా. మొదటి మూడింటికీ రాని నోటీసు నాలుగోదానికే ఎందుకు వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం ఉంది.

ఆ అమ్మాయికి నా జవాబు ఇదీ. లేదమ్మా, నాశనం చేసింది మీ అమ్మ కాదు. నూట నలభై ఏళ్లుగా గీతలు గీసి, నేల కుదించి, మిగిలిన మూలకి మీ అమ్మని, ఆమె మేకల్ని నెట్టినవాళ్లు చేశారు. ఆ మూల అరిగిపోతే ఆమెనే చూపిస్తున్నారు. మీ అమ్మకి ఏ గడ్డి ఏ నెలలో లేస్తుందో తెలుసు. అడిగి రాసుకో. ఆ కాయితం నీ ప్రాజెక్టు రికార్డులో మొదటి పేజీగా పెట్టు. మార్కుల సంగతి నేను మాట్లాడతాను.

వచ్చే వారం శ్మశానం గురించి.

జై భీమ్.